బండి కంటే ముందు మజిలీ

కారవాన్ పర్యాటకం మాట వినపడితే చాలు, మన దగ్గర చర్చంతా బండి చుట్టూనే తిరుగుతోంది. ఎన్ని బళ్లు కొంటారు, రాయితీ ఎంత, లోపల ఏసీ ఉంటుందా, స్నానాల గది ఉంటుందా అని అడుగుతున్నారు. ఆ బండి రాత్రికి ఎక్కడ ఆగుతుంది, ఆగిన చోట నీళ్లెవరిస్తారు, మురుగు ఎవరు తీసుకెళ్తారు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకడం లేదు. ఒక్క కుటుంబం ఒక్క బండిలో తిరిగితే ఎలాగో సర్దుకోవచ్చు. పది కుటుంబాలు పది బళ్లతో జట్టుగా బయల్దేరితే సర్దుబాటు కుదరదు. సాయంత్రానికి నలభై మంది ఒకేచోట దిగుతారు. వాళ్లతో పాటు పదిమంది డ్రైవర్లూ దిగుతారు.

ఇలాంటి జట్టు యాత్రను ఆంధ్ర తీరంలో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అంటే నా సమాధానం భీమునిపట్నం, వాడుకలో భీమిలి. విశాఖకు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసే చోట ఉన్న ఊరది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఇంగ్లిషువాళ్లకూ డచ్చివాళ్లకూ 1824లో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది ఊరు ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చింది. 1861లోనే అక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. ఇప్పుడది మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం. అయినా ఊరిలో తిరిగితే నగరం శివారులా అనిపించదు, తనదైన నడక ఉన్న పాత పట్నంలాగే ఉంటుంది.

భీమిలిని ఎంచుకోవడానికి చరిత్ర ఒక్కటే కారణం కాదు. అక్కడి నుంచి దారి చాలా బాగా కుదురుతుంది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను తొలిచి, తాటిపూడి జలాశయంలో నిలిచి, చిట్టివలస, తగరపువలస మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నదిని వెనక్కి పట్టుకుని పోవడమే యాత్ర. సాగర సంగమం దగ్గర మొదలై పద్మనాభం, తాటిపూడి, శృంగవరపుకోట, అనంతగిరి, బొర్రా మీదుగా అరకు చేరితే మొత్తం నూరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అయిదారు రోజుల్లో తీరుబడిగా చూడొచ్చు. పద్మనాభంలో 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగాడు. పద్మనాభం కొండ కింద బండి ఆపి పిల్లలకు ఆ కథ చెప్పొచ్చు. ఇంత తక్కువ దూరంలో సముద్రం, నది, జలాశయం, సున్నపురాతి గుహ, కొండ మీది చలి అన్నీ వరసగా తగిలే దారి మన రాష్ట్రంలో మరొకటి దొరకడం కష్టం.

జట్టుగా నివాస వాహనాల్లో తిరగడాన్ని ఆధునిక కాలంలో ఒక పద్ధతిలోకి తెచ్చినవాళ్లు అమెరికన్లు. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల కంపెనీ స్థాపకుడు వాలీ బయమ్ 1951లో మధ్య అమెరికాకు ఒక బృందాన్ని తీసుకెళ్లాడు. 63 ట్రైలర్లు బయల్దేరితే నికరాగువాలోని మనాగువా దాకా చేరినవి 14 మాత్రమే. రోడ్లు బళ్లను విరగ్గొట్టాయి, చాలామంది దారిలోనే వెనుదిరిగారు. 1959లో అదే మనిషి ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ టౌన్ రేవుపట్నం నుంచి కైరోకు 41 ట్రైలర్లతో బయల్దేరి యాత్ర పూర్తిచేశాడు. ఈ ఎనిమిదేళ్లలో మారిందేమిటంటే, జట్టు నడిపే విధానం. ముందు దారి చూసి వచ్చేవాళ్లు వేరు, మజిలీ ఖాయం చేసేవాళ్లు వేరు, చెడిన బండిని బాగుచేసేవాళ్లు వేరు. నేటికీ అక్కడి కారవాన్ సంఘాల్లో ముందు నడిచే వ్యాగన్ మాస్టర్, అందరికంటే వెనక వచ్చే టెయిల్ గన్నర్ అని ఇద్దరుంటారు. వెనక వచ్చే బండిలో పనిముట్లు, పనిముట్లు వాడటం తెలిసిన మనిషి ఉంటారు. రోడ్డు మీద ఎవరి బండి ఆగినా అతను దాటి పోడు. ఇంకో ముఖ్యమైన పద్ధతి, బళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి బారులు తీరి పోవు. రెండు మూడు చొప్పున అరగంట తేడాతో కదిలి సాయంత్రం ఒకేచోట కలుస్తాయి. పది కారవాన్లు వరసగా అనంతగిరి ఘాట్ ఎక్కితే వెనకున్న ఆర్టీసీ బస్సు గతి ఏమిటో ఆ దారిన పోయేవాళ్లకు తెలుసు.

అయితే మనం నేర్చుకోవలసింది అమెరికా నుంచే అనుకోనక్కర్లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట దాదాపు నూరుమంది ఉన్నారు. బోయీలు, వంటవాళ్లు, డేరాలు, సామాను అన్నీ కదిలే ఊరులాగే సాగాయి. పదిహేను నెలలకు పైగా తిరిగి, ఉత్తరాంధ్ర మీదుగా వెనక్కి వచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర తిరగేస్తే మజిలీ గురించి ఆయన పట్టింపు ఎంతటిదో కనిపిస్తుంది. ఊరు ఎలా ఉంది, దిగడానికి చోటుందా, నీళ్లు ఎలాంటివి, సామాన్లు దొరుకుతాయా అన్నవి రాయకుండా దాదాపు ఏ మజిలీనీ వదలడు. గుళ్లూ గోపురాల వర్ణన ఎంత ముఖ్యమో ఆయనకు ఇదీ అంతే ముఖ్యం. తన తర్వాత వచ్చేవాడికి పనికొచ్చే సమాచారం అదేనని ఆయనకు తెలుసు.

ఆ సంప్రదాయం ఆగిపోలేదు కూడా. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా ఏటా ఎన్నో యాత్రా బస్సులు కాశీకి, రామేశ్వరానికి బయల్దేరతాయి. బస్సుపైన బియ్యం బస్తాలు, గ్యాసు పొయ్యిలు, పెద్ద గిన్నెలు ఉంటాయి. లోపల వంటవాళ్లు, ఒక టూరు మేనేజరు ఉంటారు. ఆ మేనేజరుకు ఏ ఊళ్లో ఏ సత్రంలో నీళ్లు బాగుంటాయో, ఎక్కడ బస్సు నిలిపి పొయ్యి వెలిగిస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరో, ఏ ఘాట్ రాత్రిపూట ఎక్కకూడదో కంఠతా వచ్చు. పర్యాటక శాఖ సలహా సంస్థలను పిలిచే ముందు ఇలాంటి మేనేజర్లను పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడితే నివేదిక అవసరం సగం తగ్గుతుంది.

ఇక భీమిలి లోపలికి వద్దాం. పాత ఊరి వీధులు పెద్ద బళ్ల కోసం వేసినవి కావు. కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి, మలుపులు ఇరుకు. మన దేశంలో తయారవుతున్న కారవాన్లలో చాలావరకు ట్రావెలర్ వ్యాన్ల మీద కట్టినవే. పైన ఏసీ పెట్టెతో కలిపితే ఎత్తు బాగా పెరుగుతుంది. అలాంటివి పది ఊళ్లోకి వస్తే ఊరివాళ్లకూ యాత్రికులకూ చికాకే. కాబట్టి మొదటి నియమం, కారవాన్ భీమిలి వీధుల్లోకి రాకూడదు. ఊరి వెలుపల, తగరపువలస దగ్గర జాతీయ రహదారి నుంచి భీమిలికి వచ్చే దారిలో ఒక నిలుపు స్థలం ఉండాలి. అక్కడి నుంచి ఊళ్లోకి స్థానిక ఆటోల్లో పోవాలి, ఊళ్లో నడిచి తిరగాలి.

నడిచి తిరిగితేనే భీమిలి కనిపిస్తుంది. పిరమిడ్ ఆకారపు సమాధులున్న డచ్చివాళ్ల శ్మశానం, దీపస్తంభం, గడియార స్తంభం, పాత చర్చి, ఊరికి పేరిచ్చిన భీముడి కథతో ముడిపడ్డ గుడి, నరసింహస్వామి కొలువైన, బౌద్ధ ఆనవాళ్లున్న పావురాళ్లకొండ. ఇవన్నీ ఒక పొద్దుట మొదలుపెడితే ఎండెక్కేలోపు సగమే అవుతాయి. మర్నాడు తీరం వెంట విశాఖ వైపు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల పాటు సముద్ర మట్టాల మార్పులూ గాలులూ కలిసి పేర్చిన ఎర్ర ఇసుక అది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. అడుగు వేస్తే జారిపోయేంత సున్నితమైన నేల. అక్కడికి ఏ కారవానూ వెళ్లకూడదు, దిబ్బల పక్కన నిలుపు స్థలం అన్న ఆలోచన కూడా ఎవరికీ రాకూడదు. ఇప్పటికే లేఅవుట్ల పేరుతో, తవ్వకాలతో ఆ దిబ్బలు నష్టపోయింది చాలు.

సముద్రం ఒడ్డునే బళ్లు నిలిపి అలల చప్పుడు వింటూ నిద్రపోవచ్చు అనే ప్రకటనలు వస్తాయి. వాటిని మొదట్లోనే ఆపాలి. భీమిలి ఒడ్డు మత్స్యకారుల పనిచోటు. పడవలు లాగేది అక్కడే, వలలు ఆరబెట్టేది అక్కడే, చేపలు ఎండబెట్టేది అక్కడే. తెల్లవారుజామున పడవలు వచ్చే వేళకు అక్కడ నిలబడి చూడటం యాత్రికుడికి దొరికే భాగ్యం. ఆ చోటును ఆక్రమించడం అన్యాయం. తీర నియంత్రణ మండల నిబంధనలు ఉండనే ఉన్నాయి. భీమిలి తీరంలో కాంక్రీటు గోడల వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. పర్యాటకం పేరుతో అలాంటి వివాదం మరొకటి రాకూడదంటే నిలుపు స్థలం ఒడ్డుకు దూరంగా ఉండటమే మార్గం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కారవాన్ పర్యాటకం మీద ఉన్న బలమైన అభ్యంతరం ఇదే. మంచం బండిలోనే, పొయ్యి బండిలోనే, కాబట్టి ఆగిన ఊరికి రూపాయి మిగలదు. విశాఖ సూపర్‌మార్కెట్లో సామాన్లు నింపుకుని వచ్చి భీమిలిలో చెత్త వదిలి పోతే ఆ ఊరికి ఏం లాభం? నా సూచన ఒకటుంది. భీమిలిలో గడిపే మొదటి రెండు రోజులూ బండిలో పొయ్యి వెలిగించకూడదని జట్టు నియమం పెట్టుకోవాలి. పొద్దున టిఫిన్ బండి దగ్గర, మధ్యాహ్నం ఊళ్లో మెస్సులో, రాత్రికి మత్స్యకార మహిళా సంఘాలు వండిపెట్టే చేపల పులుసు. గైడుగా ఊరి కుర్రాడినో, పదవీ విరమణ చేసిన పంతులుగారినో పెట్టుకోవాలి. ఆటో కిరాయి, గైడు రుసుము, భోజనాల లెక్క ముందే టికెట్లో కలిపేయాలి. ఇది దయతో చేసే పని కాదు. ఒకరినొకరు ఎరగని పది కుటుంబాలు జట్టు కావడానికి ఒకే పంక్తిలో కూర్చుని తినడం కంటే మంచి దారి లేదు. బండి తలుపులు మూసుకుని ఎవరి వంట వాళ్లు చేసుకుంటే అరకు చేరేదాకా అపరిచితులుగానే ఉంటారు.

నిలుపు స్థలం ఎలా ఉండాలన్న లెక్క కష్టమైందేమీ కాదు. ఒక్కో బండికి పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు చోటు. తిరిగే దారి, చెట్లు, ఉమ్మడి పాక కలిపి పది బళ్లకు అర ఎకరం సరిపోతుంది. ఏసీ, గీజరు కలిపి బండికి మూడున్నర కిలోవాట్లు వేసుకున్నా పదింటికి 35 కిలోవాట్లు. దానికి త్రీఫేజు కనెక్షన్, ఎర్తింగ్ సరిగ్గా చేసిన సాకెట్లు కావాలి. యాభై మందికి రోజుకు మనిషికి యాభై లీటర్ల చొప్పున నీళ్లు రెండున్నర వేల లీటర్లు. ఇవన్నీ ఒక చిన్న కల్యాణ మండపానికి ఉండే సదుపాయాల కంటే ఎక్కువేం కావు.

అసలు చిక్కు మురుగు దగ్గర వస్తుంది. ప్రతి కారవాన్‌లోనూ మరుగుదొడ్డి తొట్టి వేరు, వంటా స్నానాల నీళ్ల తొట్టి వేరు. అవి నిండితే ఖాళీ చేయడానికి సీలు వేసిన గొట్టంతో భూగర్భ తొట్టిలోకి దించే ఏర్పాటు ఉండాలి. అక్కడి నుంచి మానవ వ్యర్థాల శుద్ధి కేంద్రానికి లారీ తీసుకెళ్లాలి. ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చీకటి పడ్డాక రోడ్డు పక్క కాలువలోకి కవాటం తెరుస్తారు. ఈ దారిలో ఆ కాలువ ఎక్కడికి పోతుందో గుర్తుపెట్టుకోవాలి. తాటిపూడి జలాశయం విశాఖ నగరానికి తాగునీరిచ్చే వనరుల్లో ఒకటి. తాటిపూడి గట్టున కారవాన్లు ఆపి, తొట్టి ఖాళీ చేసే ఏర్పాటు లేకుండా వదిలేస్తే నగరం తాగే నీళ్లలో మనమే మురుగు కలిపినట్టు. అనంతగిరి, బొర్రా దగ్గరైతే కొండ కింది గిరిజన గూడేల ఊటల్లోకి అది చేరుతుంది. ఆ గూడేల వాళ్లకు మరో నీటి దిక్కు లేదు. కాబట్టి తొట్టి ఖాళీ చేసే కేంద్రం లేని చోట కారవాన్‌కు రాత్రి బస అనుమతి ఇవ్వకూడదు. ఈ ఒక్క నిబంధన విషయంలో ఎవరికీ మినహాయింపు ఉండకూడదు.

డ్రైవర్ల గురించి ఇంకా తక్కువ మాట్లాడుతున్నారు. అమెరికాలో బండి యజమానే నడుపుతాడు. మన దగ్గర అద్దె కారవాన్లు ఎక్కువగా డ్రైవరుతో వస్తాయి. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో ఇచ్చిన తీర్పుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను తేలికపాటి మోటారు వాహన (ఎల్ఎంవీ) లైసెన్సుతోనే నడపవచ్చని తేలింది. అందువల్ల సొంతంగా నడుపుకునేవాళ్లు ముందు ముందు పెరగొచ్చు. అయినా అనంతగిరి మలుపుల్లో మంచు కమ్మిన పొద్దున అంత ఎత్తు బండిని నడపడం మైదానంలో కారు నడిపినవాళ్లకు అప్పగించే పని కాదు. ఆ ఘాట్ ఎరిగిన ఉత్తరాంధ్ర డ్రైవర్లే కావాలి. మరి ఆ డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకుంటాడు? కుటుంబం బండిలో పడుకుంటే అతను ముందు సీటు వాల్చుకునో, చెట్టు కింద దుప్పటి పరుచుకునో నడుం వాల్చాలి. అరకులో డిసెంబరు చలి ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు. నిద్ర లేని డ్రైవరు పొద్దున్నే ఘాట్ దిగుతాడు, వెనక నలుగురు కూర్చుని ఉంటారు. ప్రతి నిలుపు స్థలంలో డ్రైవర్లకు మంచాలున్న గది, స్నానానికి వేడినీళ్లు తప్పనిసరి చేయాలి. ఇది లేని నిలుపు స్థలానికి గుర్తింపే ఇవ్వకూడదు.

పర్మిట్ల చిక్కు కొంత తగ్గింది. అఖిల భారత పర్యాటక వాహనాల పర్మిట్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లోనే అనుమతి తీసుకోవచ్చు. ఘాట్ రోడ్డు రాజమహేంద్రవరం నుంచి విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారిలో భాగం, అదీ బాగుపడుతోంది. కాలం సంగతికొస్తే, అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపేసిందో మరిచిపోలేదు. డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకానే ఈ యాత్ర నడపాలి.

ఆ కాలమే మరో విధంగానూ కలిసొస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు తల్లిదండ్రులు వేసవిలో వచ్చినప్పుడు ఆర్‌వీ (నివాస వాహనం) అద్దెకు తీసుకుని రెండు మూడు కుటుంబాలు కలిసి జాతీయ పార్కులు తిరగడం బాగా అలవాటైన పని. నీళ్ల గొట్టం ఎక్కడ తగిలించాలో, తొట్టి ఎలా ఖాళీ చేయాలో వాళ్ల పిల్లలకు కూడా తెలుసు. సంక్రాంతికి వాళ్లు సొంత ఊరికి వస్తారు. తొలి జట్లలో ఇలాంటి కుటుంబాలు ఒకటి రెండు ఉంటే మిగతావాళ్లకు పద్ధతి చెప్పేవాళ్లుంటారు. భోగాపురం విమానాశ్రయం భీమిలికి దగ్గరే కావడం కూడా మేలే.

కేరళ 2021లో కారవాన్ పర్యాటక పథకం ప్రకటించి, బళ్లు కొనేవాళ్లకు పెట్టుబడి రాయితీ ఇచ్చింది. 2022లో వాగమన్‌లో తొలి పార్కు తెరిచింది. ఉత్సాహం బాగానే ఉన్నా పార్కులు ఆశించినంత వేగంగా పెరగలేదు. పర్యాటకంలో మనకంటే ఎంతో అనుభవమున్న రాష్ట్రానికే ఆ ఇబ్బంది ఎదురైంది. ఆంధ్రప్రదేశ్ కూడా బండి కొనుగోలు రాయితీతోనే మొదలుపెడితే ఆగడానికి చోటులేని బళ్లు రోడ్డు మీద మిగులుతాయి. రాయితీ డబ్బు మొదట నేలమీద పెట్టాలి.

పర్యాటక శాఖకూ, మహా విశాఖ నగరపాలక సంస్థకూ, విజయనగరం, అల్లూరి జిల్లాల యంత్రాంగానికీ నా విన్నపం ఇది. వచ్చే డిసెంబరు నాటికి భీమిలి వెలుపల అర ఎకరం, తాటిపూడి దగ్గర జలాశయానికి దూరంగా అర ఎకరం, అరకులో అర ఎకరం సిద్ధం చేయండి. మూడుచోట్లా నీళ్లు, కరెంటు, మురుగు తొట్టి, డ్రైవర్ల గది ఉండాలి. భీమిలి స్థలం ఎంపికలో మత్స్యకార సంఘాలను, అరకు స్థలం విషయంలో గిరిజన గ్రామసభను అడిగి నిర్ణయించండి. కారవాన్ల రాయితీకి దరఖాస్తులు ఆ మూడూ పూర్తయ్యాకే పిలవండి.